పెనం దించే మాట

“వత్తావా, రావా? ఒక్క మాట సెప్పు. మూడు గంటలకి కోవెల అరుగు కాడ ఊరంతా కూకుంటాది.”

అత్త కొండలమ్మ పొద్దుటి నుంచి ఇలా అడగడం నాలుగోసారి. గంగాభవాని తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

“నిన్నేనే.”

“ఇనబడిందత్తా.”

“ఇనబడితే?”

“ఇనబడింది. అంతే.”

కొండలమ్మ నెత్తి కొట్టుకుని వీధి వైపు చూసింది. వీధి అరుగు మీద, ప్లాస్టిక్ కుర్చీలో పొట్టిబాబు కూర్చుని ఉన్నాడు. ఆమెకు మరిది. పోయిన పెనిమిటికి తమ్ముడు. ఇరవై రోజులుగా కోవెల కమిటీకి పెద్ద. పెట్టిన టీ అలాగే ఉండి మీగడ కట్టింది. ఆ ఇంట్లో ఆయన టీ ముట్టకపోవడం ఇదే మొదలు.

“వదినా, దాన్ని బలవంతం పెట్టకు,” అన్నాడు లోపలికి వినబడేలా. “రానంటే రానన్నాదని సెప్పు. మిగతాది కమిటీ సూసుకుంటాది.”

భవాని గిన్నె కింద పెట్టింది. “ఏటి సూసుకుంటాది సిన్నమామా?”

“ఆడకూతురివి. నీకు సెప్పక్కర్నేదు.”

“నా సంగతే కదా. నాకు సెప్పకపోతే ఎవలకి సెప్తారు?”

పొట్టిబాబు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. “అయితే ఇను. కాలవ అవతలోల్లతో సంబంధం పెట్టుకున్న ఇంటికి మన వీధిలో పాలు పొయ్యరు. కూలికి రారు. ఆ ఇంట్లో పెళ్ళికి ఎల్లరు, సావుకి ఎల్లరు. తెలిసిందా?”

“తెలిసింది. ఇది మీ అన్నగారి ఇల్లే కదా.”

పొట్టిబాబు ముఖం కందగడ్డలా అయింది. కొండలమ్మ నోరు ముయ్యమన్నట్టు కోడలి మీదికి చెయ్యెత్తింది గానీ ఆ చెయ్యి సగంలో ఆగిపోయింది. అన్నగారి ఇల్లన్న మాట ఆమెకూ ఎక్కడో తగిలింది.

“ఏటుందే అందులో?” అంది గొంతు తగ్గించి. “‘సత్తియ్య ఇంటికీ నాకూ ఏ సంబంధం నేదు. నేనెల్లను, ఆల్లు రారు.’ రెండు ముక్కలు. పదిమందిలో అనేసి ఇంటికొచ్చి కడుపు నిండా తిను.”

“ఆయన మా నాన్న అత్తా.”

“కాదన్నానేటి? నాన్న కాబట్టే అనమంతన్నారు. పొరుగోడైతే ఎవలికి కావాలి?”

భవాని కింద పెట్టిన గిన్నె మళ్ళీ అందుకుంది.

ఈ గొడవ ఇరవై రెండు రోజుల నాటిది. ఆ సాయంత్రం కోవెల మైకూ, కాలవ అవతల ప్రార్థన మందిరం మైకూ ఒకేసారి మోగాయి. మీరు ఆపండంటే మీరు ఆపండన్నారు. ముందు మాటలు, తరవాత రాళ్ళు. ఆ రాత్రి మందిరం పాక తగలబడింది. మర్నాడు తెల్లారేసరికి కోవెల ముందు దీపస్తంభం రెండు ముక్కలై పడుంది. ఏది ఎవరు చేశారో చూసినవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళు మాత్రం ఊరు నిండా ఉన్నారు. తలలు పగిలి ఇద్దరు కుర్రాళ్ళు పట్నం ఆస్పత్రిలో ఉన్నారు, అటువాడొకడు, ఇటువాడొకడు. వంతెన మీద పోలీసులు టెంటు వేశారు. అటూ ఇటూ ఒకే కులం, ఒకే ఇంటిపేర్లు. ఒకే బంతిలో కూర్చుని తిన్నవాళ్ళే. ఇప్పుడు అటు మనిషి ఇటు రాడు, ఇటు మనిషి అటు పోడు.

భవాని తండ్రి సత్తియ్య ఇల్లు కాలవ అవతల. నాలుగేళ్ళ కిందట భార్య జబ్బుచేసి పోయినప్పుడు ఆయన మందిరంలో చేరాడు. కూతురు చేరలేదు. బొట్టు పెట్టుకుంటుంది, నూకాలమ్మకి మొక్కుతుంది. తండ్రి ప్రార్థన తండ్రిది, కూతురి మొక్కు కూతురిది. అన్నీ తెలిసే ఆ పిల్లని కొండలమ్మ తన కొడుక్కి చేసుకుంది. మూడేళ్ళలో ఆ మాట ఎవరి నోటా రాలేదు.

కొడుకు అప్పలరమణ గదిలో మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

“నువ్వైనా సెప్పరా దానికి,” అంది తల్లి.

మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుని పదకొండు రోజులైంది. పాక తగలబడిన రాత్రి ఎక్కడున్నావని భవాని అడిగింది. ఒకసారి కాదు, రోజూ అడిగింది. ఆఖరికి “అక్కడే ఉన్నాను. నిలబడి సూసేను” అన్నాడు. “ఆర్పలేదా?” అంది. అంతే. ఆ పూట నుంచి తల్లి వడ్డిస్తేనే తింటున్నాడు. తండ్రికి ఫోను చెయ్యకుండా భవాని ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆమె తాళం అడగలేదు. తీసినవాడే ఇవ్వాలనుకుంది.

రమణ లేచి చొక్కా తగిలించుకున్నాడు. “అమ్మా, గానుగ కాడికి ఎల్తన్నాను.”

“ఎల్లి ఏటి సేత్తావు? నిన్న వండింది సాల్లేదా?”

ఆ మాటకి అతను ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడు. తరవాత చిన్నాన్నని తప్పుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నిన్న వండింది ఊరంతటికీ తెలుసు. చెరకు నరికి అయిదు రోజులైంది. నరికిన చెరకు ఆగదు, పులుస్తుంది. ఏటా వాళ్ళ గానుగలో, రసం కాచే పెద్ద పెనం మీద బెల్లం పాకం పట్టేది సత్తియ్యే. రంగుకి మందు కలపడు. బెండ మొక్కల జిగురు, తగినంత సున్నం, అంతే. అనకాపల్లి మార్కెట్లో దిమ్మ చూసి ఇది సత్తియ్య పాకం అని చెప్పే కాటావాళ్ళున్నారు. ఈ ఏడు ఆయన్ని పిలవకూడదని కమిటీ కట్టడి. నక్కపల్లి నుంచి ఒకణ్ణి తీసుకొస్తే, వాడు వంతెన మీద పోలీసుల్ని చూసి వచ్చిన ఆటోలోనే తిరిగి వెళ్ళిపోయాడు. ఇక రమణే పెనం దగ్గర నిలబడ్డాడు. దించమన్నాడు, దించారు. పొద్దున్నే చూస్తే బెల్లం గట్టిపడలేదు. అంబలిలా జారింది. గేదెల కుడితిలో కలిపేశారు.

ఇంకా మూడు పెనాల చెరకు గానుగ దగ్గర పడి ఉంది.

పొద్దెక్కాక భవాని బట్టల మూట నెత్తిన పెట్టుకుని కాలవకి వెళ్ళింది. ఆ వేళకి తండ్రి అవతలి గట్టున ఆవుని మేపడానికి వస్తాడని ఆమెకు తెలుసు. కూతురు బట్టలకి వస్తుందని ఆయనకీ తెలుసు.

కాలవ పది గజాల వెడల్పు. నీళ్ళు మోకాటి లోతు. ఇద్దరిలో ఎవరూ దిగలేదు.

“తిన్నావా అమ్మా?”

“తిన్నాను. నువ్వు?”

“తిన్నాను.”

ఇద్దరిలో ఎవరూ తినలేదు.

“నాన్నా, పెనం పాడైపోనాది.”

“ఇన్నాను. తొందరపడి దించేసేడు. పులిసిన రసం అది. పాకం ముదరనివ్వాలి. మరీ ముదిరితే మాడతాది. మధ్యని ఒక్క రెప్పపాటు ఉంటాది. అది కంటికి కనబడదు, సేతి ఏళ్ళకి తెలుత్తాది.”

“నువ్వు రా.”

“రాకూడదమ్మా.”

“మా వోల్లు వద్దన్నారనా?”

“మీ వోల్లూ వద్దన్నారు, మా వోల్లూ వద్దన్నారు. మొన్న ఆదోరం మందిరంలో అందరి సేతా మాటిప్పించేరు. కోవెలకి దిమ్మ ఎల్లే పెనం మీద మనోడెవడూ సెయ్యి ఎయ్యకూడదని.”

“ఇచ్చేవా?”

“ఇచ్చేను.”

“మందిరంలో సేరేక నాలుగేళ్ళు వండేవు. తొలి దిమ్మ కోవెలకే ఎల్లింది. అప్పుడు నీ దేవుడు కోప్పడలేదు.”

“ఇప్పుడూ ఆయన కోప్పడలేదమ్మా. మనుషులు కోప్పడ్డారు.”

సత్తియ్య ఆవు పలుపు చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. చెప్పవలసింది ఉన్నప్పుడు మరీ ఆలస్యం చేస్తాడు.

“మూడు గంటలకంట కదా,” అన్నాడు చివరికి. “అనెయ్యమ్మా.”

“ఏటి?”

“ఆల్లు అనమన్నది అనెయ్యి. నాకేటీ కాదు. నోటి మాటే కదా. నువ్వు కాదన్నా నేను నీకు నాన్ననే. నీ కాపురం నిలబడితే నాకు సాలు.”

భవాని తడిపిన చీరని బండకేసి ఒక్క బాదు బాదింది. నీళ్ళు మొహాన పడ్డాయి. తుడుచుకోలేదు.

“నువ్వేనా ఈ మాట అంతన్నావు? రంగుకి మందెయ్యమని బేరగాడు అంటే, గరిటె అక్కడే పారేసి ఇంటికొచ్చేసినోడివి కాదా? ఆ ఏడాది మనం గంజి తాగేం. నాకు గురుతుంది.”

“అది బెల్లమే. ఇది కాపురం.”

“బెల్లం కాడ ఒకలాగ, కాపురం కాడ ఇంకోలాగ నువ్వు నాకు నేర్పలేదు.”

సత్తియ్య తల పక్కకి తిప్పుకున్నాడు. “మీ అమ్మ పొగరే నీకు.”

“నీది కాదేటి? ఊరుకో.”

వంతెన మీద నుంచి కానిస్టేబులు ఈల వేశాడు. “ఏయ్ అమ్మాయ్! అక్కడేంటి మీటింగు?”

“బట్టలండి!” అని అరిచింది భవాని, చీర ఎత్తి చూపించి.

“గట్టు మీద ఆయనవి కూడానా?”

“ఆయన ఆవుకి నీళ్ళు పెడతన్నాడండి!”

కానిస్టేబులు మళ్ళీ టెంటులోకి వెళ్ళాడు. భవాని చీర పిండి, మడతపెట్టి, గట్టు మీద పెట్టింది. అప్పుడు అడిగింది.

“నాన్నా, పులిసిన రసానికి సున్నం ఎంత?”

“ఏటే?”

“మామూలుగా పెనానికి రెండు దోసిళ్ళ తేట పోత్తావు. పులిస్తే ఎంత?”

సత్తియ్య కూతుర్ని పరకాయించి చూశాడు. ఆయనకి కొడుకులు లేరు. భవాని ఏడేళ్ళప్పటి నుంచి పెనం గట్టున ఆయన పక్కన కూర్చుని, నీళ్ళ గిన్నె అందిస్తూ, ఆయన వేళ్ళ మధ్య ముద్దని తన వేళ్ళ మధ్య నలిపి చూస్తూ పెరిగింది. పెద్దదయ్యాక ఆ గట్టు ఎక్కలేదు. ఆడది పాకం పట్టడం ఆ వైపు గానుగల్లో లేదు.

“నీ మాటకి పెనం ఎవలు దింపుతారే?” అన్నాడు.

“అది తరవాత. నేనడిగింది సెప్పు.”

“మూడున్నర,” అన్నాడు సత్తియ్య. “ఒకేసారి పొయ్యకు. తెట్టు తీసీసిన తరవాత ఆఖరి అర. ముద్ద నీల్లలో ఏసి తీసి, పెనం అంచుకేసి కొట్టు. సప్పుడు గట్టిగా రావాల. మెత్తగా వత్తే ఆగు.”

భవాని మూట నెత్తికెత్తుకుని గట్టెక్కింది.

ఇంట్లోకి వెళ్ళలేదు. మూట వాకిట్లో దింపేసి సరాసరి గానుగ దగ్గరికి నడిచింది.

ఇంజను ఆడుతోంది. పొయ్యి దగ్గర దేముడు ఎండిన చెరకు పిప్పి ఎగదోస్తున్నాడు. వాడు ఆ ఇంటి గానుగలో పొయ్యి చూసేవాడు. ఇద్దరు కుర్రాళ్ళు చెరకు అందిస్తున్నారు. రమణ రసం డబ్బా పట్టుకుని, పెనం వైపు చూస్తూ, పొయ్యాలో వద్దో తేల్చుకోలేక నిలబడి ఉన్నాడు.

“ఏటి వదినా, అన్నం తెచ్చేవా?” అన్నాడు దేముడు.

“నేదు. వండడానికొచ్చేను.”

“ఇక్కడా? అన్నమా?”

“బెల్లం.”

కుర్రాళ్ళు నవ్వారు. దేముడు నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. భవాని కొంగు నడుముకి బిగించి, గోడకి ఆనించి ఉన్న పొడుగాటి గరిటె తీసుకుంది. అది సత్తియ్య గరిటె. నిరుటి నుంచి అక్కడే ఉంది.

“దేముడూ, ఆసామికి అబ్జెక్షనుంటే ఇప్పుడే సెప్పమను,” అంది. ఆసామి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు.

రమణ ఆమె వైపు చూడలేదు. డబ్బా ఎత్తి రసం పెనంలో పోశాడు. రెండో డబ్బా తెచ్చాడు. మూడోది తెచ్చాడు.

సున్నపు తేట మూడు దోసిళ్ళు పడింది. బెండ జిగురు పడింది. రసం మీద నల్లటి తెట్టు దుప్పటిలా లేచింది. భవాని అంచు నుంచి నడిమికి కాకుండా, నడిమి నుంచి అంచుకి తోస్తూ ఆ తెట్టంతా తీసేసింది. ఆఖరి అర దోసెడు అప్పుడు పోసింది. రసం తేటపడింది. పొంగు మొదలైంది.

“మంట తగ్గించు,” అంది. దేముడు తగ్గించాడు.

“ఇప్పుడు ఎగదొయ్యి.” ఎగదోశాడు. రెండుసార్లు చెప్పించుకోలేదు. మూడోసారికి, “అచ్చం మీ అయ్య గొంతే,” అని గొణుక్కున్నాడు.

మూడు దాటింది. పెనంలో పసుపు రంగు నురగ పెద్ద పెద్ద బుడగల కళ్ళేసుకుని ఉడుకుతోంది. అప్పుడు వాళ్ళు వచ్చారు.

ముందు పొట్టిబాబు. వెనక నలభై మందికి తక్కువుండరు. అరుగు దగ్గరికి మనిషి రాకపోతే అరుగే మనిషి దగ్గరికి వచ్చింది. వాళ్ళ వెనక, దూరంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొండలమ్మ.

“ఓలమ్మీ, మూడయ్యింది,” అన్నాడు పొట్టిబాబు.

భవాని తల తిప్పలేదు.

“నిన్నే!”

“పాకం మీదుందండి,” అన్నాడు దేముడు మెల్లిగా.

పొట్టిబాబు నోరు మూతబడింది. పాకం మీద ఉన్న మనిషిని పలకరించకూడదు. ఆ గానుగల్లో అది తాతల నాటి కట్టుబాటు. సత్తియ్య పాకం మీద ఉండగా ఒకసారి ఆయన తల్లి పోయిన కబురొచ్చింది. తెచ్చినవాడు పెనం దిగేదాకా బయట చింపిరి గొడుగు కింద నిలబడ్డాడు. పొట్టిబాబు గానుగ మనిషే. ఆ గానుగలో సగం ఆయనది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పెనం అన్న వాటాకి, ఇంజను తమ్ముడి వాటాకి వచ్చాయి. ఆ కట్టుబాటు తప్పితే నలభై మందిలో ముందు నవ్వులపాలయ్యేది ఆయనే.

నిలబడ్డాడు. అందరూ నిలబడ్డారు. ఇంజను ఆపేశారు. పెనం ఉడుకు తప్ప చప్పుడు లేదు.

భవాని వేళ్ళు చల్లనీళ్ళలో ముంచి, గరిటె కొన నుంచి పాకం తీసి, మళ్ళీ నీళ్ళలో ముంచింది. ముద్ద చేసింది. అంచుకేసి కొట్టింది. మెత్తటి చప్పుడు.

ఆగింది.

నురగ కళ్ళు చిన్నవయ్యాయి. మళ్ళీ ముంచింది. కొట్టింది. ఇంకా మెత్తనే.

గుంపులో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

మూడోసారి ముద్ద పెనం అంచుకి తగిలి ఖణేలుమంది.

“దించండి!”

పెనం చెవుల్లోంచి రెండు పక్కలా రెండు వాసాలు దూర్చి ఉన్నాయి. నాలుగు కొనలకి నలుగురు. ఆ మాట వినబడిన క్షణాన ఎత్తాలి. ఎవరు అన్నారని చూడకూడదు. రమణ తన కొన భుజానికెత్తాడు. కుర్రాళ్ళిద్దరూ వంగారు.

“ఆగండ్రా,” అన్నాడు పొట్టిబాబు. ఆమెని పలకరించకూడదు గానీ కుర్రాళ్ళని పలకరించవచ్చు. “ఆడదాని మాటకి పెనం దింపుతారా? మగ పుటక పుట్టేరా మీరు?”

కుర్రాళ్ళు వాసాలు వదిలేశారు. రమణ ఎత్తిన కొన ఒక్కటే గాలిలో ఉండి పెనం ఓరగా కదిలింది. కాగిన పాకం అంచుదాకా వచ్చి వెనక్కి పోయింది.

“దించండి!” అంది భవాని రెండోసారి.

ముప్పయ్యేళ్ళలో సత్తియ్య ఆ మాట రెండోసారి అనవలసిన అవసరం రాలేదు. నురగ రంగు మారుతోంది. ఒక పక్క నుంచి మాడు వాసన సన్నగా లేచింది. రమణ ఆ కొన దించలేదు. దించకుండా తల్లి వైపు చూశాడు.

“ఏట్రా సూత్తన్నారు? సినిమావా?”

కొండలమ్మ గుంపుని రెండు చేతులా తోసుకుంటూ వచ్చింది. “మా సెరుకురా అది! నా పెనిమిటి నాటిన మొదళ్ళ మీద మళ్ళీ లేసిన కార్సి సెరుకురా!” చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ పైకి దోపి, వంగి, రెండో కొన భుజాన పెట్టుకుంది. అరవై ఏళ్ళ మనిషి.

“వదినా! ఏటిది?”

“పోవోయ్. దింపేక మాటాడు.”

దేముడు పొయ్యి వదిలి వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా మూడో కొన పట్టుకున్నాడు. నాలుగో కొన దగ్గర ఎవరూ లేరు. భవాని గరిటె పారేసి అది తనే ఎత్తింది.

పెనం లేచింది. ఆరడుగులు నడిచింది. చల్లార్చే తొట్టిలోకి ఒరిగింది.

పాకం తోలుపట్టా జారినట్టు జారి, తొట్టి నాలుగు మూలలా పరుచుకుంది. భవాని ఊపిరి కూడా తిప్పుకోకుండా పాకం కలిపే పలుగు చెక్క తీసుకుని తిప్పడం మొదలెట్టింది. తిప్పుతుంటే రంగు విరిసింది. మాడు లేదు. నలుపు లేదు. పండిన గోధుమ కంకి రంగు. అంచున గట్టిపడిన చోట దేముడు బొటనవేలు వేసి నొక్కాడు. ముద్ర పడలేదు.

గుంపు ముందు వరసలో ముసలి పరదేశి ఉన్నాడు. చూసి చూసి ఉండబట్టలేక, “సత్తియ్య పాకమే ఇది,” అనేశాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు. “ఏటి? ఉన్నమాటన్నాను,” అన్నాడు పరదేశి.

భవాని చెక్క దేముడికిచ్చి చేతులు కడుక్కుంది. అరచేతుల్లో రెండు చోట్ల బొబ్బలు లేచాయి. కొంగుతో తుడుచుకుని గుంపుకి ఎదురుగా వచ్చి నిలబడింది.

“పెనం దిగింది సిన్నమామా. ఇప్పుడడుగు.”

పొట్టిబాబు సర్దుకున్నాడు. “అడిగేదేటుంది? నీకు తెల్దా? ఆ ఇంటికీ నీకూ సంబంధం ఉందా, నేదా?”

“ఉంది.”

గుంపు కదిలింది.

“నేను సత్తియ్య కూతుర్ని. ఈయన పెళ్ళాన్ని. రెండూ నిజమే. ఒకటుంచి ఇంకోటి తీసెయ్యమంటే నా వల్ల కాదు. నాకా మందిరం అక్కర్లేదు, నాకు నూకాలమ్మ ఉంది. మా నాన్నని కాదని ఎల్లి ఆ తల్లికి మొక్కితే, ఏ మొహం పెట్టుకొచ్చేవే అంటాది. కోవెల అరుగు మీద అడిగినా ఇదే సెప్తాను. అనకాపల్లి మార్కెట్లో నిలబెట్టి అడిగినా ఇదే.”

“దీపస్తంభం ఇరగ్గొట్టినోల్లు ఆల్లు!” అని వెనక నుంచి ఒక గొంతు.

“ఎవడు ఇరగ్గొట్టేడో పేరు సెప్పు. నేనూ వత్తాను స్టేషనుకి,” అంది భవాని. “పాక కాల్చినోడి పేరు కూడా ఎవరైనా సెప్పండి. రెండూ ఒకేసారి రాయించుకుందారి.”

ఆ గొంతు మళ్ళీ లేవలేదు. రమణ మాత్రం తల వంచుకున్నాడు. భవాని అతని వైపు చూసి ఆ మాట అనలేదు. అతనికి తగిలింది.

పొట్టిబాబు ఇక ఆమెతో మాట్లాడలేదు. అన్న కొడుకు వైపు తిరిగాడు.

“ఒరే రమణా. ఆడదానికి తెలివి నేదనుకుందాం. నువ్వు సెప్పు. మొగుడు సెప్తే పెళ్ళాం సెప్పినట్టే. ఆ ఇంటితో మాకు సంబంధం నేదని ఒక్క ముక్క అను. ఈల్లందరూ ఇళ్ళకి ఎల్లిపోతారు. రేప్పొద్దున్న నేనే వచ్చి సెరుకు అందిత్తాను.”

రమణ పెదవులు కదిలాయి. కొండలమ్మ రొప్పుతూ కొడుకు మొహంలోకి చూస్తోంది. ఏమనాలో ఈసారి ఆమె చెప్పలేదు. భుజం మీద వాసం ఒత్తుకున్న చోటు ఎర్రగా కమిలి ఉంది.

నలభై మంది ఎదురుచూశారు. రమణ నేల చూడలేదు. చిన్నాన్న కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. అలా చూడటం చిన్నప్పటి నుంచి ఎప్పుడూ లేదు.

“అలాగా,” అన్నాడు పొట్టిబాబు. ఇంజను దగ్గరికి వెళ్ళాడు. చక్రం మీద నుంచి పట్టా పీకి, పాముని చుట్టినట్టు చుట్టి భుజాన వేసుకున్నాడు. “ఇంజను నా వాటా. పెనం మీది. రేపటి నుంచి పెనం నాకి బతకండి.”

“పొట్టిబాబూ! ఇంకా రెండు పెనాల సెరుకుందిరా!” అంది కొండలమ్మ.

“సత్తియ్యని తిప్పమను, ఎద్దులాగ.”

ఆయన వెళ్ళాడు. గుంపు వెనకే కదిలింది. కుర్రాళ్ళిద్దరూ తలలు దించుకుని పోయారు. పరదేశి మాత్రం తొట్టి దగ్గర ఒక్క నిమిషం ఆగి, వాసన చూసి, కర్ర పొడుచుకుంటూ అందరికంటే వెనక నడిచాడు.

దేముడు మిగిలాడు. బెల్లం దిమ్మలు కడుతూ, “నాకు వేరే పని రాదు వదినా,” అన్నాడు. ఎవరూ అడక్కుండానే.

చెరకు కుప్ప పక్కన కొండలమ్మ కూలబడింది. ఒక గడ విరిచి, వాసన చూసి, పక్కన పడేసింది. కొంగు చివర చింపి నీళ్ళలో తడిపి, భవాని చెయ్యి లాక్కుని బొబ్బల మీద చుట్టింది. ముడి అవసరమున్నదానికంటే గట్టిగా వేసింది.

పొద్దు వాలింది. పట్టా లేని ఇంజను చక్రం బోడిగా ఉంది.

రమణ అటూ ఇటూ తిరిగాడు. వాసాలు తీసి గోడకి ఆనించాడు. పెనంలో నీళ్ళు పోశాడు. చెయ్యడానికి ఇంక పనేమీ లేకపోయాక భవాని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఆ రాత్రి సంగతి ఇద్దరి మధ్యా అలాగే ఉంది. అది ఒక్క వాసం ఎత్తితే దిగేది కాదు. ఇద్దరికీ తెలుసు.

“రేపు,” అన్నాడు. మళ్ళీ అన్నాడు. “రేపు పొయ్యి ఎన్నింటికి ఎలిగించమంతావు?”

గానుగ ఆసామి ప్రతి సాయంత్రం పాకం పట్టే మనిషిని అడిగే మాట అది. తండ్రి పోయినప్పటి నుంచి రమణ ఆ మాట సత్తియ్యని అడిగేవాడు, నిలబడి, తువ్వాలు భుజం మీంచి తీసి. ఇప్పుడూ తువ్వాలు చేతిలో ఉంది.

భవాని బోడి ఇంజను వైపు చూసింది. పులుస్తున్న చెరకు కుప్పని చూసింది. కాలవ వంతెన మీద పోలీసు టెంటులో దీపం వెలిగింది.

“తెల్లారి నాలుగింటికి,” అంది.